భయం పాతది, మందు కొత్తది: హెచ్‌ఐవీ వైద్యం నడిచొచ్చిన దారి



ఈమధ్య మన గ్రూపులో ఒక తమ్ముడు అడ్మిన్లకు విడిగా మెసేజ్ పెట్టాడు. రక్తం టెస్టులో హెచ్‌ఐవీ అని వచ్చిందట. మూడు ప్రశ్నలు అడిగాడు. ఆస్పత్రికి పోతే ఏం చేస్తారు? ఊళ్లో తెలిసిపోతదా? ఎన్నాళ్లు బతుకుతా? ఎవరు, ఏ ఊరు అని ఎవరూ అడగొద్దు, మేం చెప్పం.

అతనికి జవాబు రాస్తుంటే మాకు ఒక సంగతి అర్థమైంది. మన గూడేల్లో, తండాల్లో, హాస్టళ్లలో ఈ జబ్బు గురించి తిరిగే మాటలన్నీ ఇరవై, ముప్పై ఏళ్ల కిందటివి. అప్పుడు వాటిలో చాలావరకు నిజమే. ఇప్పుడు కాదు. ఎప్పుడు ఏం మారిందో తెలిస్తేనే ఆ పాత భయం వదులుతుంది. అందుకే ఈ పోస్టు కాస్త పొడుగైనా చివరిదాకా చదవండి.

మందు లేని రోజులు

1981లో అమెరికాలో డాక్టర్లు ఈ జబ్బును మొదట గమనించారు. 1983లో పారిస్‌లో వైరస్ దొరికింది. మన దేశంలో బయటపడింది 1986లో, చెన్నైలో. డాక్టర్ సునీతి సోలమన్ దగ్గర పీజీ చదువుతున్న నిర్మల అనే విద్యార్థిని రక్తం నమూనాలు సేకరించింది. వాటిని వెల్లూరులో పరీక్ష చేస్తే కొన్నింటిలో వైరస్ కనిపించింది. దేశం మొత్తం "మన దగ్గర ఇది ఉండదులే" అనుకుంటున్న రోజుల్లో ఒక విద్యార్థిని చేసిన పని అది.

తర్వాత జరిగింది మాత్రం సిగ్గుపడాల్సిన సంగతి. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేశాడు. ఆ రక్తంలో వైరస్ ఉందని తేలడంతో పోలీసులు పట్టుకుపోయి, పాత శానిటోరియంలో 64 రోజులు ఒంటరిగా ఉంచారు. అతను చేసిన నేరం ఏమీ లేదు. తల్లి కోర్టుకెక్కింది. అతను బయటికొచ్చి, తనలాంటి వాళ్ల హక్కుల కోసం పనిచేశాడు. 1992లో చనిపోయాడు.

మన పెద్దవాళ్ల భయం ఆ కాలంలో పుట్టింది. 1987లో జిడోవుడిన్ అనే మొదటి మందు వచ్చినా, ఒక్క మందుతో వైరస్ ఎక్కువ కాలం లొంగలేదు. 1996 నాటికి మూడు మందులు కలిపి ఇస్తే మనిషి నిలబడతాడని తేలింది. కానీ ఖరీదు ఏడాదికి పది వేల డాలర్ల పైనే. కూలి చేసుకునే వాళ్ల సంగతి వదిలేయండి, ఉద్యోగస్తుడికి కూడా అందే మాట కాదు.

ధర పడిపోయిన కథ

ఇక్కడ మన దేశం పాత్ర పెద్దది. 1970 పేటెంట్ల చట్టం మందు మీద కాకుండా, మందు తయారుచేసే పద్ధతి మీదే పేటెంట్ ఇచ్చేది. అందుకే మన కంపెనీలు అదే మందును వేరే పద్ధతిలో చేయగలిగాయి. 2001లో సిప్లా కంపెనీ మూడు మందుల వైద్యాన్ని ఏడాదికి 350 డాలర్లకు, అంటే రోజుకు ఒక డాలర్ లోపే ఇస్తామని ముందుకొచ్చింది. ఆ తర్వాత హైదరాబాద్ కంపెనీలు కూడా ఈ మందులు పెద్ద ఎత్తున తయారుచేసి ఆఫ్రికా దేశాలకు పంపాయి.

మన దేశంలో పేదోడికి మందు చేరింది 2004 ఏప్రిల్ 1న. ఆ రోజు 8 ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఏఆర్‌టీ మొదలైంది. జబ్బు ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలను, ఢిల్లీని ముందు తీసుకున్నారు. ఆ ఆరింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అయితే మందు వెంటనే ఇచ్చేవాళ్లు కాదు. సీడీ4 అనే కణాల లెక్క చూసేవాళ్లు. ఒంట్లో జబ్బులతో పోరాడే కణాలు అవి. లెక్క 200 కంటే పడిపోతేనే మందు. పాజిటివ్ వచ్చినవాడు "ఇంకా టైముంది, పోయి రా" అనిపించుకుని ఇంటికొచ్చి, మనిషి చిక్కిపోయాక మళ్లీ పోయేవాడు. కొందరు పోనేలేదు. మొదట్లో వాడిన స్టావుడిన్ అనే మందుతో బుగ్గలు లోపలికి పోయేవి, అరికాళ్లు మండేవి. "మందు తింటే ముఖం పీక్కుపోద్ది" అని మన దగ్గర అనేది దాన్ని చూసే. ఆ మందును ఎప్పుడో ఆపేశారు.

సీడీ4 హద్దు 350కి, 2016లో 500కి పెరిగింది. 2017లో హద్దే తీసేశారు. పాజిటివ్ అని తేలితే చాలు, లెక్క ఎంతున్నా మందు మొదలుపెట్టాలి. త్వరగా మొదలుపెడితే మనిషి బాగుంటాడని, జత మనిషికి కూడా సోకదని పెద్ద పరిశోధనలు తేల్చాక వచ్చిన మార్పు ఇది.

ఇప్పుడు ఆస్పత్రికి పోతే ఏం జరుగుతుంది

మొదట ఐసీటీసీ కేంద్రం. మన అనుమతి తీసుకుని, కౌన్సెలర్ మాట్లాడి, పరీక్ష చేస్తారు. ఒక్క కిట్‌తో పాజిటివ్ అని తేల్చరు, మూడు వేర్వేరు కిట్లతో చూస్తారు. బయట ల్యాబ్ కాగితం పట్టుకుని కుంగిపోయే ముందు అక్కడికి పోవాలి.

తర్వాత ఏఆర్‌టీ కేంద్రం. పేరు నమోదు చేసి, రక్తం, కిడ్నీ, లివర్, హెపటైటిస్, సీడీ4 పరీక్షలు చేస్తారు. టీబీ ఉందేమో తప్పకుండా అడుగుతారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను ఎక్కువగా చంపేది టీబీయే కాబట్టి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఏవున్నా దాచకండి. టీబీ, మెదడు ఇన్ఫెక్షన్ లాంటివి లేకపోతే కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి అదే రోజు మందు మొదలుపెడతారు.

2020 నుంచి ఎక్కువమందికి ఇస్తున్నది టీఎల్‌డీ. మూడు మందులు కలిసిన ఒకే మాత్ర, రోజుకు ఒకటి. మొదట్లో నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, వికారం ఉండొచ్చు, చాలామందికి కొన్నాళ్లకు తగ్గిపోతాయి. రెండు వారాలకు ఒకసారి రమ్మంటారు, తర్వాత నెలనెలా. కుదురుకున్నాక రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇస్తారు. 2018 నుంచి వైరల్ లోడ్ పరీక్ష కూడా ఉచితమే. ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏడాదికొకసారి చేస్తారు. ఈ మందు ఎంత పనిచేస్తుందో చెప్పేది ఆ పరీక్షే. రిపోర్టు అడిగి తెలుసుకోండి.

మన ప్రాంతాలకు సంబంధించి మూడు మాటలు. సికిల్‌సెల్ ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి, కొన్ని మందులు రక్తాన్ని తగ్గిస్తాయి. పీహెచ్‌సీలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి, టీఎల్‌డీతో కలిపి ఎప్పుడు వేసుకోవాలో వాళ్లు చెప్తారు. మిరప కోతలకో, కూలికో వేరే జిల్లాకు పోతే మందు ఆపొద్దు. కేంద్రంలో చెబితే అక్కడ తీసుకునేలా కాగితం రాసిస్తారు. ఊరికి దగ్గర్లో లింక్ ఏఆర్‌టీ కేంద్రం ఉంటే మందు అక్కడికి మార్చమని అడగండి. నాటు మందు మన పెద్దల విద్య, దాన్ని మేం తక్కువ చేయం. కానీ దాన్ని నమ్ముకుని మాత్ర ఆపితే వైరస్ మళ్లీ లేస్తుంది, మందుకు లొంగకుండా కూడా పోతుంది.

ఆ తమ్ముడి మిగతా రెండు ప్రశ్నలు

ఊళ్లో తెలిసిపోతదా? 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చింది. అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, సంగతి బయటపెట్టకూడదు. చదువులో, ఉద్యోగంలో, వైద్యంలో వివక్ష చూపకూడదు. ఫిర్యాదు వినడానికి ప్రతి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలి. అయితే కాగితం మీద ఉన్నదంతా నడుస్తుందని మేం అనం. మాకు తెలిసిన ఒకామె పేరును, జబ్బును కలిపి ఒక ఆస్పత్రి వరండాలో అందరికీ వినపడేలా పిలిచారు. ఆమె మూడు నెలలు అటు వైపు పోలేదు. అలాంటిది జరిగితే ఒక్కరే పోరాడలేరు. మనం తోడు పోవాలి. అడగడానికి మొహమాటమైతే 1097 ఉచిత నంబర్ ఉంది.

ఎన్నాళ్లు బతుకుతా? త్వరగా మొదలుపెట్టి రోజూ వేసుకుంటే మిగతావాళ్లలాగే దాదాపు అంతకాలం. వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గి అలాగే ఉంటే శృంగారం ద్వారా జత మనిషికి సోకదు. పెళ్లి, పిల్లలు అన్నీ ఉంటాయి. వైద్యమే లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. తల్లికి మందు, బిడ్డకు సిరప్ ఇస్తే అది 5 శాతం లోపుకు దిగుతుంది.

ఆ తమ్ముడు మొన్న కేంద్రానికి పోయొచ్చాడు. మాలో ఒకరు బస్టాండ్ దాకా తోడు వెళ్లారు. మాత్రల డబ్బా ఫోటో పంపి, "రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటున్నా" అని రాశాడు.

మీ హాస్టల్లో, మీ ఊళ్లో ఇదే ప్రశ్న గొంతులో పెట్టుకుని తిరుగుతున్నవాళ్లు ఉండొచ్చు. వాళ్లెవరో వెతకొద్దు. ఈ పోస్టు అందరికీ కనిపించేలా పెట్టండి, చాలు.

జోహార్.