ఆదివారం పని మానిన వాళ్లు (మన పేటల చరిత్ర – 9)



మొన్న తాడేపల్లిగూడెంలో విద్యార్థుల మీటింగ్ అయ్యాక ఒక డిగ్రీ అమ్మాయి నా దగ్గరికొచ్చి నిలబడింది. కొల్లేటి అంచున వాళ్ల పేట.

"అక్కా, వరదకి ఇంట్లో మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి. నాన్న పనికి వెళ్లి పది రోజులైంది. ఆదివారం గుడిలో అయ్యగారు, ఈ శ్రమలు మన విశ్వాసం పెరగడానికే అన్నారు. అమ్మ ఏడుస్తూనే ఆమెన్ అంది. నాకు నోరు రాలేదు. పరీక్ష ఎప్పుడూ మన పేటకేనా? ఊళ్లోవాళ్లకి ఎదుగుదల అక్కర్లేదా?"

ఏలూరు బస్సెక్కినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మనకి రెండు జవాబులు రెడీగా ఉంటాయి. ఓర్చుకో అంటుంది గుడి. ఆ మతమే వదిలెయ్ అంటారు మన కామ్రేడ్స్ కొందరు. మన ముత్తాతలు ఏం చేశారో ఈ రెండు జవాబుల్లోనూ లేదు. అది చెప్పడానికే ఈ భాగం.

సి.ఎం.ఎస్. మిషన్ 1841లో బందరుకి, 1854లో ఏలూరుకి వచ్చింది. బందరులో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి పై కులాల పిల్లల కోసం నడిచింది. పైవాళ్లు మారితే కిందివాళ్లు వాళ్ల వెనకే వస్తారని దొరల లెక్క.

ఆ లెక్కని తిరగేసినవాడు పాగోలు వెంకయ్య. రాఘవాపురం మాల. 1849 ప్రాంతంలో, విగ్రహాల్లో ఏమీ లేదన్న మాట చెవినపడి మొక్కులు మానేశాడు. మరి మొక్కాల్సింది ఎవరికో తెలియదు. నువ్వెవరు, ఎక్కడున్నావు, నాకు కనపడు అని ఆ పేరు తెలియని దేవుణ్ణే అడుగుతూ వచ్చాడు. అలా పదేళ్లు. 1859లో బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీ మాట విని, నేను వెతుకుతున్నది ఈయన్నే అని బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ పదేళ్లలో ఆయనకి ఎవరూ బియ్యం పెట్టలేదు, బడి పెట్టలేదు. దొర వచ్చి ఆయన్ని వెతకలేదు. ఆయనే వెతుక్కుంటూ వెళ్లాడు.

ఇంకో మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలు వైపు తాళ్లకొండపాడు మాదిగ. తోళ్ల వ్యాపారం మీద మన ఏలూరు వైపు తిరిగినప్పుడు ఈ బోధ మొదట విన్నాడు. 1866లో ఒంగోలు వెళ్లి జాన్ క్లౌ అనే బాప్తిస్టు మిషనరీని కలిశాడు. ఆ తర్వాత మాదిగ పల్లెలు వరసగా కదిలాయి. చేరేవాళ్లకి క్లౌ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు.

చదవడానికి ఇవి మామూలు మత నియమాల్లా ఉంటాయి. వెట్టిచాకిరీ లెక్కలో పెట్టి చూడండి.

పాలేరుకి వారం లేదు, సెలవు లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో వరి పెరిగింది. ఆ నాట్లూ కోతలూ ఎవరి నడుముల మీద జరిగాయో మనకి తెలుసు. అలాంటి చోట ఒక మాల, ఒక మాదిగ, ఈరోజు రాను అన్నాడంటే, ఏడు రోజుల్లో ఒకటి నాది అన్నట్టు. నా ఒంటికి ఆసామి ఓనరు కాదు అన్నట్టు. ఇక జాతర. ఈరోజు మనం డప్పుని ఆత్మగౌరవానికి గుర్తుగా మోస్తున్నాం. ఆనాడు అది కబురొస్తే వెళ్లి తీరాల్సిన చాకిరీ. విగ్రహానికి మొక్కను అన్నవాడు ఆ విగ్రహం ముందు డప్పూ కొట్టనన్నాడు.

ఊరు ఊరుకోలేదు. పనిలోకి పిలవడం మానేశారు. నీళ్లు ముట్టనివ్వలేదు. కొట్టారు, దొంగ కేసులు పెట్టారు. ఒక్కమాట చాలు, డప్పు మెడలో వేసుకుంటే చాలు, అన్నీ ఆగిపోయేవి. వెనక్కి తగ్గినవాళ్లూ ఉన్నారు. వాళ్లని తప్పుపట్టే హక్కు మనకి లేదు. నిలబడ్డవాళ్ల వల్ల మాత్రం పల్లెలో ప్రార్థన మిగిలింది, బడి మిగిలింది.

"బియ్యం క్రైస్తవులు" అన్న తిట్టుకీ ఇక్కడే జవాబు చెప్పుకుందాం. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చాడు. ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అయినా నా మాట ఒకటి. ఆకలిగా ఉన్నవాడు అన్నం పెట్టినవాణ్ణి నమ్మితే అందులో సిగ్గుపడాల్సిందేముంది? సిగ్గుపడాల్సింది గాదెలో ధాన్యం పెట్టుకుని తలుపేసినవాడు.

ఇప్పుడు ఆ చెల్లి ప్రశ్నకి వద్దాం. మన పేటలు రెండు రకాల శ్రమలు చూశాయి. ఒకటి కులం పెట్టింది. వెట్టి, ఆకలి, పల్లపు నేల. అది ఎవర్నీ ఎదగనివ్వలేదు, మనుషుల్ని అరగదీసింది. రెండోది, కాదు అన్నందుకు మీద పడింది. ఎదుగుదల ఉంటే ఈ రెండో దాంట్లో ఉంది. శ్రమ నుంచి ఓర్పు, ఓర్పు నుంచి నిరీక్షణ అని పౌలు రోమా పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు. ఆ రాసినవాడు ఇంట్లో కూర్చుని ఉపదేశం చెప్పలేదు. తాను నమ్మింది చెప్పినందుకు దెబ్బలు తిని, జైళ్లకి వెళ్లిన మనిషి. నిర్గమకాండంలో అయితే ఇటుకలు మోసేవాళ్లని ఓర్చుకోమని దేవుడు అననేలేదు. వాళ్ల మొర విని, వదిలిపెట్టమని ఫరోకి కబురు పంపాడు. మన అయ్యగార్లు ఈ రెండూ కలిపి చదివితే బాగుండు.

అంబేడ్కర్ గారి విమర్శా ఇదే చోట తగులుతుంది. మనిషి పతనానికి కారణం వాడి పాపమే అని నేర్పితే, వాడు చుట్టూ ఉన్న అన్యాయంతో కొట్లాడడు అన్నారాయన. చర్చిలోకి కులం వచ్చి కూర్చుందనీ అన్నారు. మన దగ్గర మాలల గుడి, మాదిగల గుడి వేరువేరుగా ఉన్నంతకాలం ఆ మాటకి మన దగ్గర జవాబు లేదు.

చట్టం పెట్టిన శ్రమ ఇంకొకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. దళిత క్రైస్తవులు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో వాళ్లకి బి.సి.–సి కింద ఒక్క శాతం. అందుకే మన పేటల్లో ఎంతోమందికి గుడిలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకో పేరు. 2022లో కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఇదంతా మనుషులు కాగితం మీద రాసిన పని. దీన్ని దేవుడి శోధన అనడం దేవుడి మీద నింద వేయడమే.

వరదా అంతే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లన్నీ కొల్లేట్లో చేరి, ఉప్పుటేరు ఒక్క దారినే సముద్రానికి పోవాలి. మధ్యలో చేపల చెరువుల గట్లు లేపింది ఎవరు? 2006లో కొన్ని గట్లు కొట్టారు. కాగితం మీద సొసైటీ మనది, గట్టు మీద మోటారు ఇంకొకరిది. వరదొస్తే మునిగేది పల్లంలో పడేసిన పేట.

మొక్కను, మోయను అన్న ఆ పాత మాట ఆగిపోలేదు. 2017లో భీమవరం దగ్గర గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం కోసం నిలబడ్డందుకు దళితుల్ని సాంఘికంగా వెలివేశారు, పనిలోకి పిలవడం మానేశారు. సుమారు నూట యాభై ఏళ్ల తర్వాత కూడా అదే శిక్ష. పేట నిలబడడమూ అదే.

కాబట్టి చెల్లీ, నీకు ఆమెన్ రాకపోవడం అవిశ్వాసం కాదు. వెంకయ్యకీ పదేళ్లు రాలేదు, అడుగుతూనే ఉన్నాడు. అమ్మ కన్నీళ్లని మాత్రం తక్కువ చేయకు. ఇన్నేళ్లూ ఆ ఇల్లు కూలకుండా పట్టుకుంది ఆ ప్రార్థనే. వచ్చే ఆదివారం గుడికి వెళ్లు. అయ్యగార్ని ఒక్కటడుగు: మా పేట పల్లంలో ఎందుకుంది, ఆ గట్టు ఎవరిది, దాని గురించి ప్రార్థన చేశాక కలెక్టరాఫీసుకి మాతో వస్తారా అని.

వస్తే ఆయనతో పాటు ఏలూరు రండి. నేనూ వస్తాను.

వచ్చే భాగంలో: పేట బడిలో పంతులమ్మలైన మన అమ్మమ్మల కథ.

జై భీమ్.