హేగ్ నగరంలో మహిళల శాంతి మహాసభ

1915వ సంవత్సరం ఏప్రిల్ 22వ తేదీ సాయంకాలం బెల్జియంలోని ఈప్ర్ పట్టణం దగ్గర జర్మన్ సేన క్లోరిన్ విషవాయువును శత్రువుల కందకాల మీదికి వదిలినది. నాలుగు రోజుల తరువాత అదే రంగంలో లాహోర్ డివిజనుకు చెందిన మన భారతీయ సైనికులు దాడికి దిగి ఆ వాయువు పాలబడినారు. మరి రెండు రోజులకు, ఏప్రిల్ 28న, అక్కడికి రెండువందల కిలోమీటర్లకు లోపుగానే ఉన్న హేగ్ నగరంలో, జంతుప్రదర్శనశాలకు చెందిన ఒక విశాలమైన హాలులో, వెయ్యిమందికి పైగా స్త్రీలు సమావేశమైనారు. పోరాడుతున్న దేశాల స్త్రీలూ, పోరుకు దూరంగా నిలిచిన దేశాల స్త్రీలూ ఒకే కప్పు క్రింద కూర్చొని, ఈ యుద్ధాన్ని ఆపించే మార్గమేమిటని మే 1వ తేదీ వరకు చర్చించినారు.

సామాన్యంగా యుద్ధచరిత్రలు సేనానుల పేర్లనూ, కందకాల లెక్కలనూ, సంధిపత్రాల షరతులనూ చెప్పి ఊరుకుంటాయి. ఈ సభకు వాటిలో ఒక్క వాక్యం దక్కడమే అరుదు. దక్కినా, మంచి మనస్సుతో చేసిన పనికిరాని పని అన్న ధోరణి ఆ వాక్యంలో కనిపిస్తుంది. ఆ తీర్పు మాట అటుంచి, అసలు జరిగినదేమిటో కొంచెం నిదానంగా చూడడం అవసరమని మా అభిప్రాయం.

స్త్రీలకు వోటుహక్కు కావాలని కృషి చేస్తున్న అంతర్జాతీయ సంఘమొకటి 1904 నుంచి ఉన్నది. 1915లో దాని మహాసభ బెర్లిన్‌లో జరగవలసి ఉండగా, యుద్ధం రావడంతో రద్దయినది. నెదర్లాండ్స్‌లో వైద్యపట్టం పొందిన మొట్టమొదటి మహిళ అలెట్టా జేకబ్స్ అప్పుడు ముందుకు వచ్చినారు. దేశాలు కలహించుకుంటున్న సమయంలోనే స్త్రీలు కలుసుకోవడం మరింత అవసరమనీ, తమ దేశం తటస్థంగా ఉన్నది గనుక అందరూ అక్కడికే రావచ్చుననీ ఆమె వాదం. సంఘం పక్షాన సభ జరపడానికి సభ్యదేశాల సమితులు అధికసంఖ్యలో ఒప్పుకొనలేదు. ఒప్పుకొన్న వ్యక్తులే పూనుకొన్నారు. ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో జర్మన్, బ్రిటిష్, బెల్జియన్, డచ్చి స్త్రీలు కొందరు కలుసుకొని సభకు కావలసిన ఏర్పాట్లు నిర్ణయించినారు.

ఆ ఏర్పాట్లలో ఒకటి చాలా తెలివైనది. ఈ యుద్ధానికి ఏ దేశం బాధ్యత వహించాలి, ఎవరు దాన్ని అన్యాయంగా సాగిస్తున్నారు అన్న చర్చ సభలో జరగకూడదన్నారు. ఇకముందు యుద్ధాలు ఏ నియమాల ప్రకారం చేయాలి అన్న తీర్మానాలూ వద్దన్నారు. తప్పెవరిదన్న తగవు మొదలైతే ఆ హాలులోనే రెండవ యుద్ధరంగం ఏర్పడి ఉండేది. కాని ఈ నియమమే కొందరికి మింగుడు పడలేదు. ఫ్రాన్సులోని మహిళా సంఘాల నాయకురాండ్రు తాము రాలేమని లేఖ పంపినారు. తమ నేల మీద శత్రుసేన తిష్ఠవేసి ఉండగా శాంతి మాట ఎట్లా ఎత్తగలమని వారి ప్రశ్న. వారిని తప్పు పట్టడం మాకు న్యాయంగా తోచదు.

రాదలచినవారికి దారి సులభం కాలేదు. బ్రిటన్ నుంచి 180 మంది బయలుదేరగోరితే ప్రభుత్వం మొదట కాదన్నది. తరువాత 24 మందికి మాత్రం అనుమతి ఇచ్చినది. వారు రేవులో పెట్టెలు సర్దుకొని కూర్చొని ఉండగానే ఉత్తర సముద్రంలో ఓడల రాకపోకలు నిలిపివేసినారు. చివరకు సభలో కనిపించిన బ్రిటిష్ స్త్రీలు ముగ్గురే. వారిలో ఇద్దరు ముందే హాలెండు చేరి ఉన్నవారు, ఒకరు అమెరికా మీదుగా వచ్చినవారు. అమెరికా నుంచి నలభైమందికి పైగా నూర్‌డామ్ అనే ఓడలో వచ్చినారు. ఆ ఓడను ఇంగ్లండు తీరం దగ్గర బ్రిటిష్ అధికారులు రోజుల తరబడి ఆపివుంచగా, ఎట్టకేలకు సభ ప్రారంభమయ్యే వేళకు చేరుకొన్నారు. జర్మనీ నుంచి 28 మంది వచ్చినారు. బెల్జియం అప్పటికి జర్మన్ సేన వశంలో ఉన్నది. అయినా అక్కడినుంచి ఐదుగురు స్త్రీలు సరిహద్దు దగ్గర సోదాలకు లోనై, కొంత దూరం కాలినడకను వచ్చి హాలులో అడుగు పెట్టినారు. జర్మన్ ప్రతినిధి అనీటా ఔగ్స్‌పుర్గ్ వారికి స్వాగతం పలికినారు. ఇటువంటి ఘట్టానికి వ్యాఖ్య అక్కరలేదు.

చికాగోలోని పేదల పేటలో 1889 నుంచి హల్ హౌస్ అనే సేవాసదనాన్ని నడుపుతున్న జేన్ ఆడమ్స్ సభకు అధ్యక్షత వహించినారు. సభ ఇరవై తీర్మానాలు చేసినది. ఏ ప్రాంతాన్నైనా అందులోని స్త్రీపురుషుల సమ్మతి లేకుండా ఒక రాజ్యం నుంచి మరొక రాజ్యానికి బదలాయించరాదు. స్వయంపాలనను ఏ జాతికీ నిరాకరించరాదు. ఆయుధాల తయారీ వ్యక్తుల లాభానికి కాక ప్రభుత్వాల చేతిలో ఉండాలి. దేశాల తగవులు తీర్చడానికి శాశ్వతమైన న్యాయస్థానం కావాలి. స్త్రీలకు వోటుహక్కు రావాలి. వీటన్నిటికంటె ముందు మరొక నిరసన ఉన్నది. యుద్ధకాలంలో స్త్రీలపై జరిగే అత్యాచారాలను సభ తీవ్రంగా గర్హించినది. అటువంటి మాట అప్పట్లో మర్యాదస్థుల సభలలో వినిపించేది కాదు. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఈ విషయాన్ని తన 1325వ తీర్మానంలో చేర్చినది 2000వ సంవత్సరం అక్టోబరు 31న, అంటే ఎనభైఐదేళ్లు గడచిన తరువాత.

పన్నెండు దేశాల పేర్లతో ప్రతినిధులు వచ్చినారు గాని, ఆ పన్నెండూ ఐరోపా, ఉత్తర అమెరికా దేశాలే. ఈప్ర్ రంగంలో మనవారు ప్రాణాలు విడుస్తున్నా, వారి తల్లుల పక్షాన అడిగేందుకు అక్కడ ఎవరూ లేరు. ఈ లోపాన్ని దాచి చెప్పడం మాకు ఇష్టం లేదు. ఆ హాలులో కోరిన వోటుహక్కు మాత్రం మన గడ్డ మీద త్వరలోనే చర్చకు వచ్చినది. 1917 డిసెంబరులో మద్రాసులో సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల ప్రతినిధివర్గం భారతమంత్రి మాంటేగును కలుసుకొని ఆ హక్కును కోరినది. 1921లో మద్రాసు శాసనసభ ఆమోదించగా, నాటి ఆ రాష్ట్రంలోని తెలుగు జిల్లాల స్త్రీలకు కూడా, ఆస్తి మొదలైన అర్హతలకు లోబడి, వోటు లభించినది.

హేగ్ సభలో అన్నిటికంటె విచిత్రమైన తీర్మానం చివరిది. హంగరీ దేశస్థురాలు రోజికా ష్విమ్మర్ లేచి, ఈ తీర్మానాలను కాగితాల మీద వదిలివేయక, స్త్రీలే స్వయంగా రాజధానులకు వెళ్లి ప్రభుత్వాధిపతుల చేతికి ఇవ్వాలన్నారు. జేన్ ఆడమ్స్‌కే మొదట ఇది జరిగే పనిగా తోచలేదు. అయినా సభ ఆమోదించినది. రెండు బృందాలు బయలుదేరినవి. ఆడమ్స్, జేకబ్స్, వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ ప్రభృతులు లండను, బెర్లిన్, వియెన్నా, బుడపెస్టు, రోము, పారిస్ నగరాలకు వెళ్లినారు. క్రిస్టల్ మాక్మిలన్, ఎమిలీ గ్రీన్ బాల్చ్, ష్విమ్మర్ మొదలైనవారు స్కాండినేవియా దేశాలకు వెళ్లినారు. అక్కడినుంచి రష్యాకు పోవలసి వచ్చినప్పుడు, శత్రుదేశస్థురాలైన ష్విమ్మర్ ఆగిపోగా ఆమెకు బదులు ఒక స్వీడిష్ మహిళ వెళ్లినది. లూసిటానియా ఓడ మునిగి వెయ్యిమందికి పైగా చనిపోయినది సరిగా ఆ ప్రయాణాల ఆరంభంలోనే, మే 7న.

వారు మంత్రులను కోరినది యుద్ధవిరమణ కాదు. తటస్థదేశాలు ఒక సమావేశం ఏర్పాటు చేసి, పోరు సాగుతుండగానే రెండు పక్షాలకూ సంధి ప్రతిపాదనలు పంపుతూ, ఒకటి కుదరకపోతే మరొకటి పంపుతూ ఉండాలి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధించే జూలియా గ్రేస్ వేల్స్ అల్లిన ఆలోచన ఇది. మంత్రులు మర్యాదగానే విన్నారు. మధ్యవర్తిత్వాన్ని మేము అడిగితే మా బలహీనతగా చూస్తారు, తటస్థులు తామంతట తాము పూనుకొంటే మాత్రం మాకు అభ్యంతరం లేదు అని ఒక పక్షంవారన్నారు. రెండవ పక్షంవారూ ఇంచుమించు అదే అన్నారు. తటస్థదేశాలలో అడిగితే, మరొక తటస్థదేశం ముందుకు వస్తే మేమూ వెనుకనే వస్తామన్నారు. పిల్లి మెడలో గంట కట్టే పని ఎవరిదన్న చోటనే వ్యవహారం ఆగిపోయినది. వియెన్నాలో ఆస్ట్రియా ప్రధానమంత్రి స్టుర్గ్‌ను కలుసుకొన్నప్పుడు, ఆడవారు ఇట్లా తిరగడం మీకు వెర్రిగా తోచవచ్చునని ఆడమ్స్ అన్నారట. ఆయన బల్ల మీద చేతితో చరచి, పది నెలలుగా ఈ గదిలో తాను విన్న మాటలలో ఇవే తెలివైనవన్నారని ఆమె తరువాత వ్రాసినారు. ఆ మనిషే ఆ దేశపు పార్లమెంటును సమావేశపరచకుండా పాలిస్తూ, 1916 అక్టోబరులో ఒక యుద్ధవిరోధి తుపాకికి బలియైనాడు.

జూలైలో ఆడమ్స్ అమెరికాకు తిరిగి వెళ్లి, అధ్యక్షుడు విల్సన్‌కు ఈ సంగతులన్నీ నివేదించినారు. ఆయన తీర్మానాలను మెచ్చుకొన్నారే గాని తటస్థుల సమావేశానికి పూనుకొనలేదు. 1917 ఏప్రిల్‌లో అమెరికా కూడా యుద్ధంలో దిగినది. ఇంతలో న్యూయార్కు సభలో ఆడమ్స్ చెప్పిన ఒక్క మాట ఆమెకు పెద్ద ముప్పు తెచ్చినది. బాయొనెట్లతో ఎదుటి మనిషిని పొడవడానికి పోయేముందు కుర్రసైనికులకు మత్తుద్రవ్యాలు ఇవ్వవలసి వస్తున్నదని తాము పలు దేశాలలో విన్నామన్నారు. సైనికుల శౌర్యాన్ని కించపరచినదని పత్రికలు ఆమె మీద విరుచుకు పడినవి. అంతవరకు దేశమంతా ఆదరించిన మనిషి ఒంటరి అయినారు. బాల్చ్‌కు వెల్స్‌లీ కళాశాలలో ఉన్న ఆచార్యపదవి పోయినది. ఈ ఇద్దరికీ నోబెల్ శాంతి బహుమానం వచ్చినది, 1931లో ఆడమ్స్‌కు, 1946లో బాల్చ్‌కు. యుద్ధం ముగిసిన తరువాత సన్మానించడం తేలిక.

యుద్ధానంతరం సంధి జరిగే చోటనే తామూ మళ్లీ కలుసుకోవాలని హేగ్‌లో అనుకొన్నారు. సంధి పారిస్‌లో జరిగినది. ఓడిన దేశాల స్త్రీలకు అక్కడ ప్రవేశం లేదు గనుక, 1919 మే నెలలో స్విట్జర్లండులోని జూరిక్ నగరంలో చేరినారు. శాంతి స్వాతంత్ర్యాలకై అంతర్జాతీయ మహిళా సమితి అన్న అర్థం వచ్చే పేరుతో తమ సంస్థను స్థిరపరచుకొన్నది అక్కడే. వియెన్నా నుంచి వచ్చిన పాత మిత్రురాలిని ఆడమ్స్ మొదట ఆనవాలు పట్టలేకపోయినారు. ఆకలి ఆమె ముఖాన్ని అంతగా మార్చినది. ఆహారం రానివ్వకుండా విజేతలు విధించిన దిగ్బంధం ఇంకా సాగుతున్నది. దాన్ని ఎత్తివేయాలని సభ పారిస్‌కు తంతి పంపినది. వెర్సాయి సంధి షరతులు అచ్చై చేతికి వచ్చినవి కూడా ఆ రోజులలోనే. ఇవి ఐరోపాలో ద్వేషాన్నీ కొత్త యుద్ధాలనూ పెంచుతాయని సభ తీర్మానించినది. ఆ షరతులను బహిరంగంగా ఖండించిన తొలి సభలలో ఇది ఒకటి.

చివరి రోజున, యుద్ధంలో ధ్వంసమైన ఆర్డెన్ ప్రాంతం నుంచి జాన్ మెలాఁ అనే ఫ్రెంచి మహిళ ఆలస్యంగా వచ్చి చేరినారు. జర్మన్ ప్రతినిధి లీడా గుస్టావా హైమన్ చటుక్కున లేచి, చేతిలోని గులాబీలను ఆమెకు ఇచ్చి, చెయ్యి చాచినారు. ఫ్రెంచి మహిళ ఆ చెయ్యి పట్టుకొన్నారు.