నిషేధమునుండి పుట్టిన వాద్యము: ట్రినిడాడు ఉక్కువాద్యకారుల సంఘము



కరీబియను సముద్రమున, దక్షిణ అమెరికా తీరమునకు మిగుల సమీపమున, ట్రినిడాడు అను దీవి గలదు. ఇనుపపీపాలతో సంగీతము పలికించు వాద్యకారులకు అచ్చట నొక సంఘము గలదు. దానిని రాజులు స్థాపింపలేదు, విద్వాంసులును స్థాపింపలేదు. పోలీసులు తఱిమిన పేదపేటల యువకులే దానికి మూలస్తంభములు. యువకుల ఆటపాటలు కలహములకు దారితీసినపుడు పెద్దలేమి చేయవలెనను ప్రశ్న యా సంఘచరిత్రలో నిమిడియున్నది గావున, ఊరిపెద్దలకది వినదగినదని నా తలంపు.

ఈ దీవి 1797లో స్పెయినువారి చేతినుండి ఇంగ్లీషువారి వశమయ్యెను. చెఱకుతోటలలో ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు పాటుపడుచుండిరి. 1834లో బానిసత్వము చట్టముచే రద్దయినను, నిజమైన విడుదల 1838 ఆగస్టు 1వ తేదీన గాని వారికి లభింపలేదు. విడుదల పొందినవారు ఏటేట కాగడాలు పట్టి, మద్దెలలు మ్రోగించుచు ఊరేగుచుండిరి. ఆ యుత్సవమునకు కాన్‌బులే అని పేరు. ఫ్రెంచిలో కాలిన చెఱకునకు చెప్పు మాటనుండి ఆ పేరు వచ్చినదందురు. 1881లో రాజధానియగు పోర్ట్ ఆఫ్ స్పెయిను వీథులలో ఊరేగువారికిని పోలీసులకును పెద్ద కొట్లాట జరిగెను. పిమ్మట 1884లో ప్రభుత్వము కాగడాలను, మద్దెలలను చట్టముచే కట్టడిచేసెను.

ఆ దీవికిని మన దేశమునకును గల సంబంధమును ఇచ్చట చెప్పవలెను. 1845 మొదలు 1917 వఱకు 1,40,000 మందికి పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా అచ్చటికి కొనిపోబడిరి. కలకత్తా రేవున ఓడలెక్కినవారే అధికులు. మదరాసు రేవునుండి పోయినవారు కొలదిమంది. ఈ కొలదిమందిలో తమిళులతోపాటు తెలుగువారును గలరు. మన యూళ్లలో పీరులపండుగ యనబడు మొహర్రమును అచ్చట హోసే యందురు. హిందువులును ముసల్మానులును కలసి దానిని జరుపుచుండిరి. 1884 అక్టోబరు 30వ తేదీన శాన్ ఫెర్నాండో పట్టణములో ప్రవేశింపబోయిన ఆ యూరేగింపుపై పోలీసులు కాల్పులు జరుపగా పలువురు మరణించిరి. నూరుమందికి పైగా గాయపడిరి. మనవారు కొనిపోయిన తాషా మాత్రము మూగపోలేదు. నేటికిని ఆ దీవిలో పెండ్లిండ్లయందు మ్రోగుచునే యున్నది.

మద్దెల కూడదన్నపుడు ఆఫ్రికా సంతతివారు వెదురుబొంగులు నఱికి, పొడవైనవానిని నేలపై మోది, పొట్టివానిని ఒకదానితో నొకటి తాకించి దరువు పుట్టించిరి. దీనికి తంబూ బాంబూ యని పేరు. వెదురు త్వరలో చీలిపోవును. అందుచే 1930 తరువాతి దశకములో పడుచువారు బిస్కత్తుడబ్బాలను, చెత్తకుండీల మూతలను, మోటారుబండ్ల ఇనుపముక్కలను చేపట్టిరి. ట్రినిడాడు నూనెబావులుగల దీవి; నూనెపీపాలకు కొదువలేదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత స్ప్రీ సైమన్, ఎల్లీ మానెట్ మొదలగు యువకులు ఆ పీపాలను స్వరములు పలుకునట్లు మలచుటలో ముందంజ వేసిరి.

పీపా యడుగుభాగమును సుత్తితో గిన్నెవలె లోనికి సాగగొట్టుదురు. స్వరస్థానములను గీతలతో వేఱుచేసి, నిప్పుపై కాచి, చిన్న సుత్తితో శ్రుతి కుదుర్తురు. పెద్దభాగమున మంద్రస్వరమును, చిన్నభాగమున తారస్వరమును పలుకును. కొనలకు రబ్బరు చుట్టిన పుల్లలతో దీనిని వాయింతురు.

వాద్యము మధురమయ్యెను గాని వాదకులు శాంతింపలేదు. ఒక్కొక్క పేటకొక్క మేళముండెను. ఒక మేళమునకు మఱియొక మేళము వీథిలో నెదురుపడెనా, రాళ్లు, సీసాలు, కత్తులు బయటపడుచుండెను. దీనిని నిషేధింపవలెనని అనేకులు కోరిరి. అయినను 1949లో ప్రభుత్వము, ఫర్‌కర్ అను క్రైస్తవాచార్యుని అధ్యక్షతను ఒక విచారణసంఘమును నియమించెను. ఆ సంఘమువారు మేళములవారిని పిలిచి మాటాడిరి. దాని ఫలముగా 1950లో వాద్యకారులే తమ సంఘమును నెలకొల్పుకొనిరి. సిడ్నీ గాలప్ తొలి అధ్యక్షుడు.

మరుసటి యేట నొక పరీక్ష వచ్చెను. 1951లో లండను నగరమున జరుగు బ్రిటను ఉత్సవమునకు మేళము నొకదానిని పంప నిశ్చయించిరి. వేర్వేఱు మేళములనుండి యేరిన యువకులు ఒక్క జట్టుగా కూడిరి. ప్రజలు చందాలిచ్చిరి. బార్బడోసులో జన్మించిన జోసెఫ్ గ్రిఫిత్ వారికి స్వరలేఖనము నేర్పి, అన్ని స్వరస్థానములు పలుకునట్లు పీపాలను చేయించెను. నిన్నటి ప్రత్యర్థులు ఒకే వేదికపై వాయించిరి. చెత్తపీపాలని నవ్వవచ్చిన లండను జనులు ఆశ్చర్యముతో వినిరి.

సంఘము పుట్టిన దినముననే కలహములు నశించెనని చెప్పుట సత్యము గాదు. అవి మఱికొన్ని యేండ్లు సాగెను. 1962లో దేశము స్వతంత్రమయ్యెను. 1963లో పనోరమా అను పోటీ ఆరంభము కాగా, ఆంథొనీ విలియమ్స్ నాయకత్వమున నార్త్ స్టార్స్ మేళము గెలిచెను. నాటినుండి మేళముల పౌరుషమునకు వీథికి బదులు వేదిక దొరకెను. 1971లో సంఘము పాన్ ట్రిన్‌బేగో అను నామము ధరించెను. 1979లో వాద్యకారులు తమకు తగిన ప్రతిఫలము లేదని పోటీనే మానివేసిరి. చప్పట్లు కడుపు నింపవని వారు నేర్చిన పాఠమిది. 1992లో ఆ వాద్యము జాతీయవాద్యముగా ప్రకటింపబడెను. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11వ తేదీని ప్రపంచ ఉక్కువాద్య దినముగా నిర్ణయించెను.

నలువది యేండ్లు బడిలో గడపినవాడను. బల్లపై దరువువేయు బాలుని చేతిని బెత్తము ఆపగలదు గాని, వాని చెవిలోని లయను ఆపజాలదని యెఱుగుదును. ట్రినిడాడు ప్రభుత్వము మద్దెలను తీసికొన్నది, వెదురు వచ్చినది. వెదురు చీలినది, ఇనుము వచ్చినది. చట్టము చేయలేని పనిని, పిలిచి కూర్చుండబెట్టి మాటాడుట చేయగలిగెను.

మన యూళ్లలోను భజనమేళములు, డప్పువాయిద్యములు, కోలాటపు జట్లు గలవు. వీథికి వీథికి పంతములును గలవు. జాతరనాడు రెండు జట్లు ఎదురుపడి మాటలు మీఱినపుడు, మేళమును మాన్పించుట సులభము. రెండు జట్లవారిని రచ్చబండకు పిలిచి, వారి లెక్క వారికే, వారి బాధ్యత వారికే యప్పగించుట కష్టము. కష్టమైన యా రెండవదారినే పెద్దలు పట్టుదురుగాక.