రేపటి సినిమా ఇవాళే

“పిన్నీ, ప్రీమియర్ అంటే ఏమిటి?” అనడిగింది మా అక్క కూతురు.

ఈమధ్య ఓ రాత్రి కొత్తగూడ చౌరస్తాలో ఆటో కోసం నిలబడి ఉన్నాం. వెనక మాల్‌లో, 2018లో తెరిచిన ఏఎంబీ హాళ్లకు జనం పరుగులు పెడుతున్నారు. మర్నాడు విడుదలయ్యే సినిమా ఆ రాత్రే వేస్తున్నారట.

“మొదటి ఆట” అనేశాను.

“మొదటి ఆట రేపు కదా!”

నా నోరు మూతపడింది. ఎమ్మేలు చదివి ఏం లాభం?

ఇంటికొచ్చి నిఘంటువు తీశాను. అది ఫ్రెంచి మాట. ‘ప్రెమియే’ అంటే మొదటివాడు, ‘ప్రెమియేర్’ అంటే మొదటిది. వాళ్ల భాషలో ప్రదర్శన స్త్రీలింగం. ‘మొదటి ప్రదర్శన’లోంచి ప్రదర్శన జారిపోయి ఆడమాట ఒక్కటీ మిగిలింది. మగమాట ఇంగ్లీషులో ప్రధానమంత్రికి బిరుదైంది. అవును మరి! రెంటికీ మూలం లాటిన్ ‘ప్రీముస్’, మన ‘ప్రథమ’కు దూరపు చుట్టం.

పిల్ల సందేహానికి జవాబూ అక్కడే ఉంది. విడుదలకు ముందు వేసే ఆటను ఫ్రెంచివాళ్లు ‘అవాఁ ప్రెమియేర్’ అంటారు, అంటే మొదటిదానికంటే ముందుది. ఆ ‘ముందు’ మన దాకా రాలేదు. వచ్చినా ఉంచేవాళ్లమా? ‘మ్యాటినీ’లో ఉన్నది ఫ్రెంచి ఉదయం, మనం మాత్రం భోంచేసి వెళతాం. ఫస్ట్ షో అంటే సాయంత్రం ఆట. అప్పటికి రెండాటలు అయిపోయుంటాయి!

సినిమాకు ఈ హంగంతా తెచ్చింది హాలీవుడ్. 1922 అక్టోబర్ 18న ఈజిప్షియన్ థియేటర్లో ‘రాబిన్ హుడ్’ వేశారు. అక్కడి మొదటి ప్రీమియర్ అదేనంటారు. మనకేమో బెనిఫిట్ షో ఉండేది. వసూలు ఏ మంచి పనికో, కష్టంలో ఉన్న ఏ నటుడికో ఇచ్చేవారు. పోనుపోను అది అభిమానుల తెల్లవారుజాము ఆటయింది. బెనిఫిట్ ఎవరికో అడగొద్దు. ఇప్పుడది ముందురోజు రాత్రికి జరిగి ప్రీమియరయింది.

2024 డిసెంబర్ 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్‌కు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని ఒక థియేటర్‌కి భర్తతో, ఇద్దరు పిల్లలతో ఓ ఇల్లాలు వచ్చింది. హీరో వచ్చాడని జనం ఒక్కసారిగా ఎగబడ్డారు. ఆ తొక్కిసలాటలో ఆవిడ చనిపోయింది. కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. మర్నాడు ఆ సినిమా ఊరంతా ఆడింది.

మేమిద్దరం వారం ఆగి మ్యాటినీకి వెళ్లాం. మా వరసలో నాలుగు సీట్లు ఖాళీగానే ఉన్నాయి.