వ్యాపార వీసాపై విదేశీ ప్రయాణం: భిలాయ్ వాసులు తెలుసుకోవలసిన నిబంధనలు

కొనబోయే యంత్రాన్ని తయారీ కర్మాగారంలోనే పరిశీలించడానికి వెళ్లే ఇంజినీరు, విడిభాగాల సరఫరా ఒప్పందం కుదుర్చుకోవడానికి వెళ్లే చిన్న పరిశ్రమ యజమాని, అమ్మిన యంత్రాన్ని బిగించి రావడానికి వెళ్లే ఫిట్టరు. ఈ ముగ్గురూ విదేశానికి వెళ్లేది కొద్ది రోజుల కోసమే. ముగ్గురూ వ్యాపార వీసాకే దరఖాస్తు చేయడం పరిపాటి. కానీ చట్టం దృష్టిలో ముగ్గురి పరిస్థితి ఒకటి కాదు. మొదటి ఇద్దరికీ ఆ వీసా సాధారణంగా సరిపోతుంది. మూడో వ్యక్తికి కొన్ని దేశాల్లో షరతులకు లోబడి వర్తిస్తుంది. మరికొన్ని దేశాల్లో పని అనుమతి లేనిదే చెల్లదు. ఈ తేడాను ప్రయాణానికి ముందే గుర్తించని పక్షంలో విమానాశ్రయం నుంచే వెనుదిరగవలసి రావచ్చు. ఆపై కొన్నేళ్లపాటు ఆ దేశ ప్రవేశంపై నిషేధమూ ఎదురుకావచ్చు.

ఉక్కు నగరానికి పాత అనుబంధం

ఉక్కు పరిశ్రమకు, విదేశీ ప్రయాణానికి ఉన్న సంబంధం భిలాయ్‌కి కొత్త కాదు. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ మధ్య కుదిరిన ఒప్పందంతో ఈ కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆనాడు సోవియట్ నిపుణులు ఇక్కడికి వచ్చారు, భారతీయ ఇంజినీర్లు శిక్షణకు అక్కడికి వెళ్లారు. ఆ రాకపోకలు ప్రభుత్వాల ఒప్పందం నీడన సాగాయి. నేడు కర్మాగార అధికారులతో పాటు అనుబంధ పరిశ్రమల వారు, కాంట్రాక్టు సంస్థల సాంకేతిక సిబ్బంది, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి తరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల యువత సొంతంగా దరఖాస్తు చేసుకుని వెళ్తున్నారు. పత్రాల బాధ్యత వారిదే.

వ్యాపార వీసా అంటే ఏమిటి

సమావేశాలు, చర్చలు, ఒప్పందాలపై సంతకాలు, ప్రదర్శనలకు హాజరు, కర్మాగార సందర్శన, కొనుగోలుదారుగా సరుకు తనిఖీ వంటివి దాదాపు అన్ని దేశాల్లో వ్యాపార వీసా పరిధిలోకి వస్తాయి. ప్రయాణికుడి జీతం స్వదేశంలోని సంస్థే చెల్లించాలి. ఆతిథ్య దేశపు సంస్థలో ఉద్యోగిలా పనిచేయడం, అక్కడి నుంచి వేతనం పొందడం నిషిద్ధం.

యంత్రాల బిగింపు, మరమ్మతు ఈ రెండు హద్దుల నడుమ ఉంటాయి. అమెరికా బి-1 వీసా నిబంధనల ప్రకారం, ఆ దేశం వెలుపలి సంస్థ నుంచి కొన్న పారిశ్రామిక యంత్రాన్ని అమ్మకపు ఒప్పందంలో భాగంగా బిగించడానికి, మరమ్మతు చేయడానికి, స్థానిక సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి విక్రేత సంస్థ నిపుణులు వెళ్లవచ్చు. భవన నిర్మాణ పనులు మాత్రం చేయరాదు; పర్యవేక్షణ, శిక్షణలకే పరిమితం కావాలి. బ్రిటన్ సందర్శక వీసా కూడా కొనుగోలు లేదా సరఫరా ఒప్పందం ఉన్నప్పుడు తయారీదారు లేదా సరఫరాదారు ఉద్యోగులకు ఇటువంటి వెసులుబాటు ఇస్తుంది. షెంగెన్ దేశాల్లో వీసా నమూనా ఒకటే అయినా, ఏ పనికి అనుమతి కావాలనేది ఆయా దేశాల కార్మిక చట్టాలు నిర్ణయిస్తాయి. అందువల్ల బిగింపు పనికి వెళ్లేవారు ఆహ్వాన పత్రంతో పాటు అమ్మకపు ఒప్పందం ప్రతిని వెంట ఉంచుకోవాలి. అందులో బిగింపు బాధ్యత విక్రేతదేనని స్పష్టంగా ఉండాలి.

భారత ప్రభుత్వం కూడా ఇదే విభజన పాటిస్తోంది. 2009లో వ్యాపార వీసాలపై వచ్చి ఇక్కడి ప్రాజెక్టుల్లో పనిచేస్తున్న విదేశీయులు వెనక్కి వెళ్లి ఉద్యోగ వీసాపై రావాలని ప్రభుత్వం ఆదేశించింది. 2010లో విద్యుత్, ఉక్కు రంగాల ప్రాజెక్టుల కోసం ప్రత్యేకంగా ప్రాజెక్టు వీసాను ప్రవేశపెట్టింది.

ఈ గీత దాటితే పర్యవసానాలు ఎంత తీవ్రమో రెండు ఉదంతాలు చెబుతాయి. బి-1 వీసాల దుర్వినియోగం ఆరోపణలపై ఇన్ఫోసిస్ సంస్థ 2013 అక్టోబరులో అమెరికా ప్రభుత్వంతో 3.4 కోట్ల డాలర్ల చెల్లింపుకు రాజీ కుదుర్చుకుంది. దుర్వినియోగం ఆరోపణలను సంస్థ అంగీకరించలేదు. 2025 సెప్టెంబరు 4న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో నిర్మాణంలో ఉన్న బ్యాటరీ కర్మాగారంపై అధికారులు దాడి చేసి సుమారు 475 మందిని నిర్బంధించారు. వారిలో 300 మందికి పైగా దక్షిణ కొరియా పౌరులు. యంత్రాల బిగింపుకు వచ్చిన సాంకేతిక నిపుణులు, స్వల్పకాలిక వీసాపై వచ్చినవారు కూడా వారిలో ఉన్నారు.

దేశాల వారీగా ముఖ్య నిబంధనలు

షెంగెన్ దేశాలు: జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా సహా 29 ఐరోపా దేశాలకు ఒకే వీసా వర్తిస్తుంది. ఏ 180 రోజులు లెక్కించినా మొత్తం బస 90 రోజులకు మించరాదు. ప్రవేశించిన రోజు, నిష్క్రమించిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఉదాహరణకు మార్చి 1న ప్రవేశించి 30న తిరిగి వస్తే 30 రోజులు వాడుకున్నట్టే. ఎక్కువ రోజులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి. అన్నిచోట్లా బస సమానమైతే తొలుత అడుగుపెట్టే దేశానికి చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా అందజేయాలి. నిర్ణయానికి సాధారణంగా 15 రోజులు పడుతుంది, అవసరమైతే 45 రోజుల వరకు సాగుతుంది. 2024 జూన్ 11 నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై, తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలైనా చెల్లుబాటులో ఉండాలి. గత మూడేళ్లలో రెండు వీసాలు పొంది సక్రమంగా వినియోగించుకున్న భారతీయులకు రెండేళ్ల బహుళ ప్రవేశ వీసా ఇచ్చే విధానం 2024 ఏప్రిల్‌లో ఆమోదం పొందింది. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త సరిహద్దు నమోదు వ్యవస్థ పాస్‌పోర్టుపై ముద్ర స్థానంలో ముఖచిత్రం, వేలిముద్రలు నమోదు చేస్తోంది. కాబట్టి గడువు మీరితే ఒక్క రోజైనా కంప్యూటర్‌లో కనిపిస్తుంది.

అమెరికా: డీఎస్-160 దరఖాస్తు నింపి, 185 డాలర్ల రుసుము చెల్లించి, ఇంటర్వ్యూకు హాజరు కావాలి. ఢిల్లీలో రాయబార కార్యాలయం, ముంబయి, చెన్నై, హైదరాబాద్, కోల్‌కతాల్లో కాన్సులేట్లు ఉన్నాయి. దరఖాస్తుదారుకు వలస ఉద్దేశం ఉందనే భావనతోనే చట్టం మొదలవుతుంది. స్వదేశంలోని ఉద్యోగం, కుటుంబం, ఆస్తి వంటి బంధాలను చూపి అది నిజం కాదని నిరూపించుకోవాలి. వీసా పదేళ్లకు లభించినా, ఒక్కో పర్యటనలో ఎన్ని రోజులు ఉండవచ్చో ప్రవేశ సమయంలో ఇచ్చే ఐ-94 నమోదు నిర్ణయిస్తుంది. వేరే దేశానికి వెళ్తూ అమెరికాలో విమానం మారినా వీసా అవసరమే.

రష్యా: భారతీయులకు 2023 ఆగస్టు నుంచి ఎలక్ట్రానిక్ వీసా అందుబాటులో ఉంది. 2025 ఆగస్టులో దాని చెల్లుబాటు 120 రోజులకు, బస 30 రోజులకు పెరిగింది. వ్యాపార పర్యటనకూ ఇది వర్తిస్తుంది. అయితే ఒక్కసారి ప్రవేశానికే, అదీ నిర్ణీత సరిహద్దు కేంద్రాల ద్వారానే చెల్లుతుంది. ఎక్కువ రోజులు లేదా పలుమార్లు వెళ్లవలసినవారు ఆహ్వాన పత్రంతో సాధారణ వ్యాపార వీసా తీసుకోవాలి. చేరిన తర్వాత ఏడు పని దినాల్లో బస నమోదు జరగాలి. హోటల్‌లో దిగితే ఆ పని హోటల్ వారే చేస్తారు. భారత్‌లో జారీ అయిన వీసా, మాస్టర్‌కార్డ్ చెల్లింపు కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ పనిచేయడం లేదన్న విషయం గమనించాలి.

చైనా: వ్యాపార పర్యటనకు ఎమ్ తరగతి వీసా ఉంది. చైనా సంస్థ ఆహ్వాన పత్రంలో ప్రయాణికుడి వివరాలు, పర్యటన ఉద్దేశం, రాకపోకల తేదీలు, సందర్శించే ప్రదేశాలు, ఖర్చు ఎవరు భరిస్తారనేది పేర్కొనాలి.

పేరు ఒకటే ఉండాలి

తెలుగు వారికి తరచూ ఎదురయ్యే చిక్కు పేరుతోనే వస్తుంది. ఇంటి పేరు ముందు రాయడం మన ఆచారం. కర్మాగారం గుర్తింపు కార్డులో ఇంటి పేరు ఒక్క పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, హిందీ ప్రాంతంలో పొందిన పాఠశాల ధ్రువపత్రంలో మరో వర్ణక్రమంలో ఉండటం కద్దు. వీసా దరఖాస్తు, ఆహ్వాన పత్రం, సంస్థ లేఖ, బీమా, విమాన టికెట్లలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పాస్‌పోర్టులో ఒకే పదంగా పేరు ఉన్నవారిని 2022 నవంబరు 21 నుంచి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ సందర్శక వీసాలపై అనుమతించడం లేదు. సవరణ అవసరమైన భిలాయ్ వాసులు రాయ్‌పుర్ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయ పరిధిలో దరఖాస్తు చేసుకోవాలి. వీసాకు ముందే ఈ పని ముగించడం మేలు.

నగదు, పనిముట్లు, టీకా

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం చాలా దేశాలకు ఒక పర్యటనలో 3 వేల డాలర్ల వరకే విదేశీ నోట్లు తీసుకెళ్లవచ్చు; మిగిలినది కార్డు వంటి రూపాల్లో ఉండాలి. రష్యా, ఇరాన్ వంటి కొన్ని దేశాలకు ఈ పరిమితి లేదు. భారతీయ నోట్లు 25 వేల రూపాయలకు మించరాదు. సంస్థ పంపి ఖర్చు భరించే ప్రయాణం వ్యక్తిగత రెండున్నర లక్షల డాలర్ల వార్షిక పరిమితిలోకి రాదు.

కొలత పరికరాలు, నమూనాలు, పనిముట్లు తీసుకెళ్లి తిరిగి తెచ్చేవారికి ఏటీఏ కార్నే అనే కస్టమ్స్ పత్రం ఉపయోగపడుతుంది. ఇది ఉంటే సభ్య దేశాల్లో సుంకం చెల్లించనవసరం లేదు. భారత్‌లో దీనిని ఫిక్కీ జారీ చేస్తుంది.

ఎల్లో ఫీవర్ ముప్పు ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలకు గనుల పనిపై వెళ్లేవారు కనీసం పది రోజుల ముందు టీకా వేయించుకోవాలి. ధ్రువపత్రం లేకుండా తిరిగి వస్తే భారత్‌లోనే క్వారంటైన్‌లో ఉంచుతారు. 2016 నుంచి ఒక్క టీకా ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతుంది.

ఇమిగ్రేషన్ అధికారి ముందు

వీసా ఉన్నంత మాత్రాన ప్రవేశం ఖాయం కాదు. తుది నిర్ణయం సరిహద్దు అధికారిదే. ఆహ్వాన పత్రం, సంస్థ లేఖ, తిరుగు టికెట్, బస వివరాలు, బీమా, ఆతిథ్య సంస్థలో సంప్రదించవలసిన వ్యక్తి ఫోన్ నంబరు చేతి సంచిలోనే ఉండాలి. ‘పనికి వచ్చాను’ అన్న ఒక్క మాట ఉద్యోగానికి వచ్చారన్న అర్థానికి దారి తీయవచ్చు. ఏ సంస్థకు, ఏ సమావేశానికి లేదా ఏ యంత్రం కోసం, ఎన్ని రోజులకు వచ్చారో క్లుప్తంగా, నిజంగా చెప్పడమే క్షేమం.

సందర్శక వీసాపై ఉద్యోగం: మోసమే

విదేశంలో ఉద్యోగం ఇప్పిస్తామంటూ వ్యాపార లేదా సందర్శక వీసా చేతికిచ్చే ఏజెంట్లను నమ్మరాదు. పదో తరగతి ఉత్తీర్ణులు కాని చాలామందికి వలస అనుమతి అవసరమని తెలిపే పాస్‌పోర్టు జారీ అవుతుంది. వారు గల్ఫ్ దేశాలు సహా నిర్ణీత దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం కింద ప్రభుత్వ అనుమతి పొందాలి. సందర్శనకు ఈ అనుమతి అవసరం లేదు. మోసగాళ్లు వాడుకునేది ఈ సందునే. సందర్శకుడిగా వెళ్లి పనిలో చేరిన వ్యక్తికి వేతన రక్షణ, ప్రమాద బీమా ఉండవు. ఫిర్యాదు చేస్తే ముందుగా బయటపడేది ఆయన అక్రమ బసే. కంబోడియా, మయన్మార్‌లలో సైబర్ మోసాల ముఠాల చేతికి చిక్కినవారిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ యువకులు ఉన్నారు. ఉద్యోగాల ఆశతో రష్యా వెళ్లి సైన్యంలో చిక్కుకున్న భారతీయుల గురించి విదేశాంగ శాఖ పలుమార్లు హెచ్చరించింది. ఏజెంటు నమోదు వివరాలను ఈమైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. విదేశంలో ఇబ్బంది ఎదురైతే మదద్ పోర్టల్ ద్వారా గానీ, సమీప భారత రాయబార కార్యాలయంలో గానీ ఫిర్యాదు చేయవచ్చు.

రుసుములు, గడువులు తరచూ మారుతుంటాయి. దరఖాస్తుకు ముందు ఆయా దేశాల రాయబార కార్యాలయాల అధికారిక వెబ్‌సైట్లలో తాజా నిబంధనలు సరిచూసుకోవాలి. ప్రభుత్వ రంగ ఉద్యోగులు యాజమాన్యం అనుమతిని ముందుగానే పొందాలి. అన్నిటికన్నా ముందు, అక్కడికి వెళ్లి చేయబోయే పని ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకుని, ఆ పనికి ఏ తరగతి వీసా సరిపోతుందో ఆతిథ్య సంస్థ నుంచి లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. టికెట్ కొనుగోలు ఆ తర్వాతి మాట.