మెట్‌పల్లి నుంచి దుబాయ్: విమాన దూరం, ప్రయాణ కాలం

జగిత్యాల జిల్లాలోని మెట్‌పల్లిలో విమానాశ్రయం లేదు. గల్ఫ్ వలసకు పేరుపడిన ఈ ప్రాంతం నుంచి దుబాయ్ వెళ్లేవారు సాధారణంగా హైదరాబాద్ శివార్లలోని శంషాబాద్‌లో విమానం ఎక్కుతారు. అక్కడి రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. అంతకు ముందు బేగంపేట విమానాశ్రయమే దిక్కు.

శంషాబాద్, దుబాయ్‌ల మధ్య గగనదూరం సుమారు 2,550 కిలోమీటర్లు. ఇది భూగోళం వంపు మీద కొలిచిన అతిచిన్న దూరం. నిర్దేశిత వాయుమార్గాల్లో ఎగరాలి కాబట్టి విమానం నిజంగా తిరిగే దూరం ఇంకొంత ఎక్కువ. వెళ్లేటప్పుడు దాదాపు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు అరగంట తక్కువ పడుతుంది. పై ఎత్తుల్లో, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుంచి వీచే బలమైన గాలులు తిరుగు విమానాన్ని ముందుకు నెడతాయి.

టికెట్ మీది వేళలు చూసి కాలం లెక్కగడితే పొరపాటు తప్పదు. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక. ఇక్కడ ఉదయం 10కి బయలుదేరి నాలుగు గంటలు ఎగిరితే అక్కడ మధ్యాహ్నం 12:30 అవుతుంది.

మెట్‌పల్లి వాసికి అసలు ప్రయాణం రోడ్డు మీదే మొదలవుతుంది. ఆర్మూర్ మీదుగా 44వ జాతీయ రహదారి, ఆపై ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని శంషాబాద్ చేరాలంటే రెండు వందల కిలోమీటర్లకు పైనే. విమానం ఎక్కడానికి మూడు గంటల ముందే చేరుకోవాలి గనుక, సముద్రం దాటే సమయం కన్నా ఇల్లు విడిచి విమానం ఎక్కేదాకా పట్టే సమయమే ఎక్కువ.