నిల్వ రక్తం వయస్సు: ఎర్ర కణాల సంరక్షణ పద్ధతులపై చారిత్రక పరిశీలన

రక్తనిధిలోని ప్రతి సంచిపైనా గడువు తేదీ ఉంటుంది. ఎర్ర రక్తకణాల నిల్వ చరిత్రను సాధారణంగా ఆ గడువు పెరిగిన క్రమంగానే రాస్తారు: 21 రోజులు, 35, ఆపై 42. ఆ రోజులు నిజానికి దేనిని కొలుస్తున్నాయి అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

1914-15 నాటికి హస్టిన్, అగోటే, లూయిసన్‌లు వేర్వేరు దేశాలలో సోడియం సిట్రేట్‌తో రక్తం గడ్డకట్టకుండా ఆపగలిగారు. 1916లో రౌస్, టర్నర్‌లు దానికి గ్లూకోజ్‌ను జోడించారు. మరుసటి ఏడాదే ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ ఫ్రాన్సు యుద్ధభూమిలో ఆ నిల్వ రక్తాన్ని క్షతగాత్రులకు ఎక్కించాడు.

అయితే ఒక చిక్కు మిగిలింది. సిట్రేట్‌ను, గ్లూకోజ్‌ను కలిపి ఆవిరిలో శుద్ధి చేస్తే చక్కెర మాడి రంగు మారేది. 1943లో లౌటిట్, మాలిసన్‌లు ద్రావణాన్ని ఆమ్లీకరించి ఈ చిక్కు విప్పారు. నిల్వకాలం 21 రోజులకు చేరింది. ఇక్కడ ఆగి ఆలోచించవలసి ఉంది. ఆమ్లత్వాన్ని పెంచింది ప్రధానంగా శుద్ధి సౌకర్యం కోసం; దాని మూల్యాన్ని చెల్లించింది మాత్రం కణం. ఆమ్ల మాధ్యమంలో 2,3-డీపీజీ అనే పదార్థం త్వరగా క్షీణిస్తుంది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను కణజాలానికి వదలడంలో దాని పాత్ర 1967లో గాని వెల్లడి కాలేదు. అంటే రెండు దశాబ్దాలకు పైగా వైద్యులు ప్రధానంగా కణం బతికి ఉందా అని చూశారు గాని, పని చేస్తోందా అని అంతగా చూడలేదు. గ్రహీత శరీరంలో డీపీజీ క్రమంగా కోలుకుంటుందన్నది నిజమే. తీవ్ర రక్తస్రావంలో ఉన్న రోగికి ఆ వ్యవధి దొరకకపోవచ్చు.

గాజు సీసాల స్థానంలో 1950ల నుండి వచ్చిన ప్లాస్టిక్ సంచి మరొక విచిత్రం. దానిని మెత్తగా ఉంచే డీఈహెచ్‌పీ రక్తంలోకి ఊరుతుందని 1970ల నాటికి తేలింది. కలుషితమని భయపడిన ఆ పదార్థమే కణత్వచాన్ని పదిలపరచి, కణాలు చిట్లడాన్ని తగ్గిస్తోందని తరువాత తెలిసింది. నేడు దానికి ప్రత్యామ్నాయం వెతకడం కష్టమవుతున్నది అందువల్లనే.

సేకరించిన రక్తాన్ని ఎంతసేపు గది ఉష్ణోగ్రతలో ఉంచారు, తెల్లకణాలను ఏ దశలో వడకట్టారు, ఏ సంరక్షక ద్రావణం కలిపారు అన్నవి సంచిలో మిగిలే కణాలను ప్రభావితం చేస్తాయి. ఇవేవీ గడువు తేదీలో కనిపించవు. 2015లో వెలువడిన ఏబుల్, రీసెస్ పరీక్షలు తాజా రక్తానికి ప్రత్యేక ప్రయోజనం లేదని తేల్చాయి. వాటి విలువను కాదనలేము. కాని అవి పోల్చినది నిల్వ రోజులను. భిన్న పద్ధతులలో తయారైన సంచులు ఒకే వయస్సు గలవైతే వాటిలో ఒకే వర్గంలో చేరాయి.